పరాజయ మెరుగని జట్టు

ఆటలు దేహమునకు బలము చేకూర్చునని అందరు నెరుగుదురు. కాని ఆటస్థలమున మనుష్యుని శీలము కూడ పరీక్షకు వచ్చును. అట్టి పరీక్షకు నిలిచిన ఒక కళాశాల జట్టు వృత్తాంతమిది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పసిఫిక్ మహాసముద్ర తీరమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరము కలదు. అందు 1855వ సంవత్సరమున జెస్యూట్ గురువులు స్థాపించిన విశ్వవిద్యాలయమొకటి యున్నది. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిదప, సైన్యమునుండి మరలివచ్చిన యువకులు పెక్కుమంది ప్రభుత్వ సహాయముతో ఆ దేశపు కళాశాలలలో చేరిరి. ఐరోపా రణరంగమున పోరాడి వచ్చి, ఈ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో చేరిన గినో మార్కెట్టి అట్టివారిలో ఒకడు.

బాలలారా! అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మనము కాలితో ఆడు బంతియాట వంటిది కాదు. అందు బంతి కోలగా నుండును. పక్షమునకు పదునొకండుగురు చొప్పున నిలిచి, బంతిని చేతబట్టి పరుగిడియు, తమవానికి విసరియు, ఎదిరిపక్షపు హద్దు దాటించుటకు యత్నింతురు. ఎదిరివారు మీదబడి పడద్రోయుదురు. బంతి పట్టినవాడు ఎంత బలశాలియైనను, తోడివారు అడ్డము నిలిచి దారి చేయనిచో ముందునకు సాగజాలడు.

1951వ సంవత్సరమున ఈ జట్టు తొమ్మిది పోటీలాడి, తొమ్మిదింటను గెలిచెను. జో కుహారిచ్ వారి శిక్షకుడు. ఆలీ మాట్సన్ అను యువకుడు ఆ యేడు బంతితో 1,566 గజములు పరుగిడి, దేశమందలి కళాశాలల ఆటగాండ్రలో ప్రథముడయ్యెను. ఎదిరివారిని నిలువరించుటలో బర్ల్ టోలర్ జట్టునకు పెట్టనికోట. వీరిరువురును నల్లజాతివారు, జట్టులో తక్కినవారందరు తెల్లవారు.

ఆటల కాలము ముగిసిన పిమ్మట, శ్రేష్ఠమైన జట్లను పిలిచి, 'బౌల్' అను పేర ప్రత్యేక పోటీలు జరుపుట ఆ దేశపు ఆచారము. వాని వలన కీర్తియే కాక ధనమును లభించును. విశ్వవిద్యాలయమునకు ఫుట్‌బాల్ వలన ఆదాయముకంటె వ్యయమే హెచ్చుగా నుండెను. కావున అట్టి పిలుపు వారికెంతయు అవసరమై యుండెను.

అయితే ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో పాఠశాలలందును, వాహనములందును నల్లవారిని వేరుగా నుంచు చట్టములుండెను. మాట్సన్, టోలర్‌లను ఇంటియొద్ద విడిచి వచ్చినచో పిలుపు లభింపగలదని తమకు తెలుపబడినట్లు ఆటగాండ్రు తరువాతి కాలమున చెప్పిరి. ఆ దినములలో ఉత్తరాది జట్లు కొన్ని అట్టి నియమమునకు తలయొగ్గి, తమ నల్లజాతి ఆటగాండ్రను విడిచి దక్షిణమునకు వెళ్లుట వాడుకలో నున్నదే. ఈ జట్టువారును అట్లు చేసినచో లోకము వింతగా జూచి యుండదు. కాని వారిలో ఒక్కరును సమ్మతింపలేదు. ఇరువురిని విడిచి పోవుటకంటె అందరును మానుటయే మేలని వారు తలచిరి.

పిలుపు రాలేదు. వ్యయమును భరింపలేక విశ్వవిద్యాలయము ఫుట్‌బాల్ ఆటనే విరమించెను. ఓటమి యెరుగని ఆ జట్టు అంతటితో చెదరిపోయెను.

జట్టు చెదరినను ఆటగాండ్ర ప్రతిభ మరుగుపడలేదు. మాట్సన్ 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలయందు 400 మీటర్ల పరుగున కాంస్య పతకమును, జట్టు పరుగున రజత పతకమును గెలిచెను. వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుల కీర్తిమందిరమున మాట్సన్, మార్కెట్టిలకు 1972లోను, వారి సహచరుడు బాబ్ సెయింట్ క్లెయిర్‌కు 1990లోను స్థానము లభించెను. ఒకే కళాశాల జట్టునుండి మువ్వురు ఆ గౌరవము నందుట మిక్కిలి అరుదు.

టోలర్ మోకాలికి 1952లో గాయము తగిలి, అతని ఆట ముగిసెను. అయినను అతడు ధైర్యము విడువలేదు. ఉపాధ్యాయుడై, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. 1965లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ అను వృత్తి క్రీడాసంస్థలో ఆటతీర్పరిగా నియమింపబడిన మొదటి నల్లజాతీయుడు అతడే. ఆనాడు ఆ సంస్థకు అధిపతిగా నున్న పీట్ రోజెల్, 1951లో ఈ జట్టునకే ప్రచార కార్యములు నిర్వహించిన యువకుడు! 2006లో విశ్వవిద్యాలయము, జీవించియున్న జట్టు సభ్యులకు గౌరవ డాక్టరేట్ పట్టములనిచ్చి సత్కరించెను.

1951వ సంవత్సరపు బౌల్ పోటీలలో గెలిచిన జట్ల పేర్లు నేడు స్మరించువారు కొలదిమందియే. పిలుపే రాని ఈ జట్టును మాత్రము జనులు నేటికిని తలచుకొందురు. తోడివానిని విడిచి పొందెడి గౌరవము గౌరవము కాదని వారు యౌవనముననే గ్రహించి, అందుకు తగిన మూల్యము చెల్లించిరి. మీ పాఠశాలలో జట్టు కట్టునపుడు, కులము చేతగాని, పేదరికము చేతగాని ఒకనిని వెలియుంచుమని ఎవరైన చెప్పినచో, ఈ యువకులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు.