రెండు సబ్‌నెట్‌లకు ఒకే ఫైల్ సర్వర్

డిగ్రీ, పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముళ్లలో చాలామంది నెట్‌వర్కింగ్ వైపు వెళ్లాలనుకుంటున్నారు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి వాళ్లం మేమే కాబట్టి ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పేవాళ్లు మాకు లేరు. మీకు ఆ లోటు ఉండకూడదని, ఆఫీసుల్లో తరచు ఎదురయ్యే ఒక పనిని ఇక్కడ వివరిస్తున్నాం.

సమస్య: ఒక ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌కు ఒక సబ్‌నెట్, స్టోర్స్ సెక్షన్‌కు మరో సబ్‌నెట్ ఉన్నాయి. ఇద్దరికీ ఒకే ఫైల్ సర్వర్ కావాలి. అయితే జీతాల వివరాలున్న అకౌంట్స్ కంప్యూటర్లలోకి స్టోర్స్ నుంచి దారి ఉండకూడదు.

1. సబ్‌నెట్ అంటే ఏమిటి?
అకౌంట్స్‌కు 192.168.10.0, స్టోర్స్‌కు 192.168.20.0 అనుకుందాం. రెండింటికీ మాస్క్ 255.255.255.0. అంటే మొదటి మూడు సంఖ్యలు బ్లాకు పేరు, చివరి సంఖ్య రూము నంబరు. ఒక్కో సబ్‌నెట్‌లో 254 అడ్రసులు ఇవ్వవచ్చు. మొదటి మూడు సంఖ్యలు కలిస్తే కంప్యూటర్ నేరుగా పంపుతుంది. కలవకపోతే గేట్‌వేకు పంపుతుంది.

2. రెండు ల్యాన్ కార్డులు
మన హాస్టల్‌లో ఎ, బి బ్లాకుల మధ్య ఒకే మెస్సు ఉందనుకోండి. మెస్సుకు రెండు తలుపులు పెడితే ఎవరి తలుపులోంచి వాళ్లు వస్తారు. సర్వర్‌కు కూడా అంతే. ఒక కార్డుకు 192.168.10.5, రెండో కార్డుకు 192.168.20.5 ఇవ్వాలి. రెండు కార్డులకూ ఒకే సబ్‌నెట్ అడ్రసులు ఇవ్వకూడదు. డిఫాల్ట్ గేట్‌వే మాత్రం ఒక్క కార్డుకే ఇవ్వాలి. బయటి రోడ్డుకు గేటు ఒక్కటే కదా!

3. అసలు జాగ్రత్త
ఎ బ్లాకు వాళ్లు మెస్సులోకి వచ్చి, రెండో తలుపు గుండా బి బ్లాకులోకి వెళ్లిపోతే? దీన్నే ఐపీ ఫార్వర్డింగ్ అంటారు. లినక్స్ సర్వర్‌లో దీని విలువ సున్నా ఉండాలి. రెండు సెక్షన్లకూ ఒకే రౌటర్ నుంచి ఇంటర్నెట్ వస్తుంటే, ఆ రౌటర్‌లో కూడా ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు దారి మూయాలి.

4. సాంబా అమరిక
లినక్స్ సర్వర్ నుంచి విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు అందించే ఉచిత సాఫ్ట్‌వేర్ సాంబా. దీన్ని ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించారు. దాని సెట్టింగుల ఫైల్లో 'ఇంటర్‌ఫేసెస్' అనే వరుసలో రెండు కార్డుల అడ్రసులతో పాటు 127.0.0.1 కూడా రాయాలి. 'బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీ'కి ఎస్ అని పెట్టాలి. ఫైర్‌వాల్‌లో టీసీపీ 445 పోర్టు తెరవాలి. తలుపు తెరిచినంత మాత్రాన భోజనం పెట్టరు, మెస్ కార్డు చూస్తారు. అందుకే ప్రతి ఫోల్డర్‌కు 'వాలిడ్ యూజర్స్' వరుసలో ఎవరికి అనుమతో రాయాలి.

5. పేరు పెట్టి పిలిస్తే పలకాలంటే
పాత పద్ధతిలో కంప్యూటర్లు పేరు కోసం వరండాలో కేక వేసినట్టు అందరినీ అడిగేవి. ఆ కేక సొంత బ్లాకు దాటి వినపడదు. కాబట్టి డీఎన్ఎస్‌లో పేరు రాసి, ఒక్కో సెక్షన్‌కు దాని వైపు అడ్రసే వచ్చేలా చూడాలి. పాత ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను వాడకండి. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ విండోస్‌లోని ఆ వెర్షన్ లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

6. పరీక్ష
ఒక్కో సెక్షన్ నుంచి ఫోల్డర్ తెరిచి, ఒక ఫైలు రాసి చూడండి. అనుమతి లేని పేరుతో కూడా ప్రయత్నించండి, తెరుచుకోకూడదు. తర్వాత స్టోర్స్ నుంచి అకౌంట్స్ కంప్యూటర్‌కు పింగ్ కొట్టండి. జవాబు రాకూడదు. అయితే విండోస్ ఫైర్‌వాల్ వల్ల కూడా జవాబు రాకపోవచ్చు, కనుక ఫార్వర్డింగ్ విలువను విడిగా చూసుకోవాలి.

సబ్‌నెట్‌లు ఎక్కువైతే కార్డులు పెంచుకుంటూ పోలేం. అప్పుడు సర్వర్‌కు ఒకే కార్డు ఉంచి, రౌటర్‌లో సర్వర్ వరకే దారి ఇవ్వాలి.

లినక్స్, సాంబా రెండూ ఉచితమే. కాలేజీ ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్ దొరికినా వర్చువల్ మెషీన్లతో ఇదంతా చేసి చూడవచ్చు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడినా భయపడకండి. కాగితం మీద రెండు బ్లాకులు, మధ్యలో మెస్సు గీసి, ఏ తలుపు ఎందుకు తెరిచారో, ఏ దారి ఎందుకు మూశారో వివరించండి. పని తెలిసినవాడి మాట ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.