సెల్లార్ ర్యాంపు మీద మొదలయ్యే పరుగు

పల్లంలో పరుగంటే ఆయాసం ఉండదు కదా అంటారు చాలామంది. ఊపిరి మిగిలే మాట నిజమే. కానీ ఆ భారమంతా తొడల మీద పడుతుంది. యాభై దాటాక పరుగు మొదలుపెట్టి ఇప్పుడు యాభై ఎనిమిదిలో ఉన్నాను. 5 కిలోమీటర్ల పల్లపు పరుగుకు హైదరాబాద్‌లోని బాచుపల్లిలో ఉంటూ ఎలా సిద్ధమవుతానో వరసగా చెబుతాను.

ముందు డాక్టరు. బీపీ, షుగర్ చూపించుకుని, ఈసీజీ తీయించుకుని, అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) కూడా చేయించుకున్నాకే బూట్లు తొడగాలి. ఇందులో మొహమాటం వద్దు.

పరుగు ఇంకా ఆరు వారాలుందనగా మెట్లతో మొదలుపెడతాను. లిఫ్టులో ఐదో అంతస్తుకు వెళ్లి మెట్ల మీదుగా దిగుతాను. ఒక్కో మెట్టుకు మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ, అంత నెమ్మదిగా. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలా సాగుతూ బ్రేకు వేయడంలోనే కండరం లోలోపల దెబ్బతింటుంది. అందుకే నొప్పి ఆ రోజు కాదు, మర్నాడు, ఆ మర్నాడు బయటపడుతుంది. అయితే ఒకసారి కొద్దిగా నొప్పి పడ్డ కండరం కొన్ని వారాల దాకా అదే పనికి అంత నొప్పి పడదు. పల్లపు పరుగు తయారీ మొత్తం నిలబడింది ఈ ఒక్క గుణం మీదే.

రెండు వారాలయ్యాక ర్యాంపు. బాచుపల్లిలో ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే, వాటి కింద సెల్లార్లే. వాచ్‌మన్‌కు ముందే చెప్పుకుని, కార్లు కదలకముందే, తెల్లవారుజామున 5 గంటలకు వెళతాను. చిన్న అడుగులతో పరుగున దిగడం, నడుచుకుంటూ ఎక్కడం. మొదటి వారం ఆరుసార్లు, తర్వాత ఎనిమిది, ఆపైన పది. వారానికి ఒక్కరోజే. సెల్లార్‌లో చప్పుడు మారుమోగుతుంది, అదే నాకు కోచ్. టప్ టప్‌మని వినిపించిందంటే కాలు ముందుకు చాచి మడమతో బ్రేకు వేస్తున్నానన్నమాట. అడుగు కుదించి, పాదాన్ని నడుము కిందే పెడితే చప్పుడు మెత్తబడుతుంది. 2005లో గాట్‌షాల్, క్రామ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కొలిచి చూస్తే, 9 డిగ్రీల వాలులో నేల తాకే తొలి దెబ్బ చదును కంటే 54 శాతం, బ్రేకు బలం 73 శాతం పెరిగాయి. సెల్లార్‌లో నా చెవికి వినిపించేది ఆ తేడాయే.

బూట్ల సంగతి. నా మొదటి పల్లపు పరుగులో పాదం ముందుకు జారి జారి బొటనవేలి గోరు నల్లబడింది. కొత్త గోరు రావడానికి నెలలు పట్టింది. అప్పటినుంచి రెండు రోజుల ముందే గోళ్లు తీసుకుంటున్నాను. లేసును పైనున్న అదనపు రంధ్రంలోంచి కూడా దూర్చి, మడమ కదలకుండా కడుతున్నాను.

చివరి పది రోజులు వాలు జోలికి పోను.

పరుగు రోజు మొదటి కిలోమీటరే గండం. రోడ్డే తోసేస్తుంటుంది, కుర్రాళ్లు దూసుకుపోతుంటారు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగంలోనే ఉండాలి. వెనక్కి వాలకూడదు, చేతులు కాస్త విప్పి ఉంచాలి, చూపు పది మీటర్ల ముందుండాలి. స్పీడ్ బ్రేకర్లు, తడిసిన మ్యాన్‌హోల్ మూతలు అక్కడే కనిపించాలి. మూడో కిలోమీటరు దాటాక తొడలు బాగుంటే వేగం పెంచండి. చివర చదును వస్తే కాళ్లు ఒక్కసారిగా బరువెక్కుతాయి, కంగారు పడొద్దు.

పల్లంలో వచ్చిన టైమును డైరీలో విడిగా రాసుకుంటాను. రికార్డుకు లెక్కలోకి రావాలంటే దారి కిలోమీటరుకు సగటున ఒక మీటరుకు మించి దిగకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ నియమం. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో మారథాన్ ముగించినా, ఆ దారి పల్లం కావడం కూడా ఒక కారణంగా దాన్ని ప్రపంచ రికార్డుగా తీసుకోలేదు. హుస్సేన్ సాగర్ ఒడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ సాగే మన హైదరాబాద్ మారథాన్ దారిలో తీసిన టైముతో దీన్ని పోల్చుకోవడం సరికాదు.

పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలకు హాని చేయొచ్చు. తర్వాత మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మామూలు నొప్పయితే రెండు మూడు రోజులు చదునులో నడక చాలు. ఆ రోజుల్లో దిగడానికి కూడా లిఫ్టే. మెట్లు తప్పకపోతే రెయిలింగ్ పట్టుకుని, ఒక మెట్టు మీద రెండు కాళ్లూ ఆనాకే తర్వాతి మెట్టుకు దిగండి.