చింత ఎవరితో చెప్పుకోవాలి?

చింత అనగానే మన కూడికల్లో రెండు మాటలు వెంటనే వచ్చేస్తాయి. "విశ్వాసం తక్కువైంది" అన్నది ఒకటి, "ఇది సాతాను పని" అన్నది రెండోది. సూళ్లూరుపేట చుట్టుపక్కల ఉపవాస ప్రార్థనల్లో రెండూ విన్నాను. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ మొదటి మాటతో వినేవాళ్లకు సిగ్గు కలుగుతుంది, రెండోదాంతో భయం పట్టుకుంటుంది. అసలు బరువు అలాగే ఉండిపోతుంది.

పేతురు మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో 7, 8, 9 వచనాలను ఒక్క ఊపున చదవండి. ఏడో వచనాన్ని క్యాలెండర్ల మీద వేసుకుంటాం, ఎనిమిదోదాన్ని సాతాను మీద ప్రసంగాలకు వాడుకుంటాం, తొమ్మిదోదాన్ని వదిలేస్తాం. చింతంతా దేవుడి మీద వేయమన్న పేతురు, వెంటనే మెలకువగా ఉండమంటాడు, సింహంలా తిరిగే విరోధి ఉన్నాడంటాడు. ఆ తర్వాత, లోకంలోని మీ సహోదరులూ ఇవే శ్రమలు పడుతున్నారని గుర్తుచేస్తాడు. ఆ ఉత్తరం వెళ్లింది ఇప్పటి టర్కీ ప్రాంతంలో చెదిరి ఉన్న విశ్వాసులకు. ఈ కష్టం మా ఒక్కరికే అనిపించే బతుకులు వాళ్లవి. సింహానికి దొరికేది మంద విడిచిన గొర్రే. కంటికి కనబడని పోరాటంలో మొదటి దెబ్బ అక్కడే తగులుతుందని నా నమ్మకం: "నా బాధ ఎవరికీ చెప్పుకోలేను" అనే తలంపు దగ్గర.

అలా చెప్పుకోలేని ఓ తల్లి కూడికలో ఎప్పుడూ "ఇంట్లో సమాధానం కోసం ప్రార్థించండి" అనేది, అంతకుమించి ఒక్క మాట చెప్పేది కాదు. ఓ శుక్రవారం పాస్టరు అయ్యగారు ఆమెను పక్కకు పిలిచి, "చెప్పదగిందైతే చెప్పమ్మా" అన్నారు. రొయ్యల గుంతకు అప్పు తెచ్చారు, రోగమొచ్చి పంట పోయింది, వడ్డీ పెరుగుతోంది. ఇంటికేదో సోకిందని ఎవరో అంటే దానికీ కొంత డబ్బు పోసింది. అయ్యగారి భార్య ఆమె చెయ్యి పట్టుకుని, "మా అన్నావాళ్లకూ ఇట్లే అయింది తల్లీ" అంది. ప్రార్థన చేశారు. మర్నాడు సంఘపెద్ద ఒకాయన ఆమె వెంట వెళ్లి అసలెంతో వడ్డీ ఎంతో కాగితం మీద రాయించాడు. అప్పు తీరలేదు. అయితే ఎంత ఉందో తెలిసింది, వాయిదా అడగడానికి నోరొచ్చింది.

చింతించవద్దంటూ ఆకాశపక్షులను చూడమన్నాడు యేసు. మనకు నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గరే. గూడబాతులు అక్కడ ఒకే చెట్టు మీద పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటాయి, పులికాట్ సరస్సుకు ఎగిరిపోయి చేపలు తెచ్చి పిల్లల నోట పెడతాయి. వాటికి కష్టం ఉంది, గుంపూ ఉంది.

ఇలా గుంపుగా నిలబడడం మన ఊరి సంఘానికి కొత్త పాఠమేమీ కాదు. 1865లో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మైలియస్ తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టింది సూళ్లూరుపేటలోనే. మొదటి ప్రపంచయుద్ధంతో జర్మన్ మిషనరీల పని ఆగిపోయింది. ఆ బాధ్యతను అమెరికాలోని ఒహాయో సినడ్ అందుకుంది. దొరలు మారినా ఆరాధన సాగిందంటే, ఇక్కడ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఉండబట్టే.

ఇలా చెప్పుకున్న ప్రార్థన విన్నపం విన్నవాళ్లకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రార్థనలో విన్నది బజారుకెక్కితే, ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. వారాల తరబడి నిద్రలేనివాళ్లను డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. అది అవిశ్వాసమని ఎవరైనా అంటే, లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచిన కొలొస్సయుల పత్రిక నాలుగో అధ్యాయం చూపించండి.