కన్ను ఎంతవరకు, చెయ్యి ఎంతవరకు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో చాలా ఏళ్లు అడ్తి నడిపినవాణ్ని. సరుకును చూసి, పిడికిట పట్టి, వాసన చూసి ధర చెప్పడమే మా పని. కొత్తగా యార్డులోకి వచ్చే తమ్ముళ్లకు ఈ ఆరు మాటలు.

1. రంగు చూసి కారం చెప్పకండి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాట మిర్చి ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం తక్కువ. పక్క కుప్పలోని సన్నటి తేజ కొరికితే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. కంటికి అందేది రంగు వరకే.

2. మంట పుట్టిందంటే కాలినట్టు కాదు. మిర్చిలోని క్యాప్సైసిన్ నోటిని కాల్చదు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే మేల్కొనే నరాల గ్రాహకాన్నే అదీ తట్టి లేపుతుంది. మెదడుకు అందే కబురు రెండింటికీ ఒకటే. ఈ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నారు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, అందుకే నీళ్లకన్నా పెరుగు మేలు.

3. చెయ్యి పోల్చగలదు, కొలవలేదు. రెండు బస్తాల పత్తిలో ఏది ఎక్కువ తడో వేళ్లు చెబుతాయి. అయితే భారత పత్తి సంస్థ (సీసీఐ) లెక్కలో తేమ 8 శాతం దాటాక ఒక్కో శాతానికీ ధర కోత పడుతుంది, 12 దాటితే కొననే కొనరు. ఆ ఒక్క శాతం తేడా వేళ్లకు దొరకదు. పైగా మన చర్మంలో తడిని విడిగా పట్టే గ్రాహకమే లేదు. చల్లదనాన్నీ ఒత్తిడినీ కలిపి మెదడే తడి అని తేలుస్తుంది. చలికాలం పొద్దున ఆరిన పత్తి కూడా తడిగా అనిపించవచ్చు.

4. ఒక పరీక్షతో ఆగకండి. 1213 నాటి రామప్ప గుడి శిఖరం ఇటుకలు చూపుకు ఇటుకలే. నీళ్లలో వేస్తే తేలుతాయి! కింది కట్టడం మీద బరువు తగ్గించిన ఆ పనితనం చూపుకు చిక్కేది కాదు.

5. ఏ ఇంద్రియానికీ అందనివి ఉన్నాయి. నల్లగొండ పల్లెల బోరు నీళ్లు తేటగానే ఉండేవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్ కంటికి కనబడలేదు, నాలుకకు తెలియలేదు. పళ్ల మీద గారలు, వంగిన ఎముకలే దాన్ని బయటపెట్టాయి. నీటికి పరీక్ష తప్ప దారి లేదు.

6. యంత్రాన్నీ గుడ్డిగా నమ్మకండి. కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. చివరికి ఆ అంకె చదవాల్సిందీ కన్నే.

ధర చెప్పే ముందు ఒక్క క్షణం ఆగండి. నాకు తెలిసింది ఎంత, అనిపించింది ఎంత అని లెక్క తీసుకోండి. అనుమానం ఉంటే రైతు కళ్ల ముందే మళ్లీ కొలవండి.