లాప్‌టాప్‌లో సుప్రభాతం వెనక ఆ 'గుయ్' ఏంటి? తక్కువ ధరలో సౌండ్ కార్డ్ ఎంచుకోవడం

ఈసారి శ్లోకం అర్థం కాదు, శ్లోకాన్ని వినిపించే డబ్బా గురించి.

పోయిన ధనుర్మాసంలో నగరిలో ఇంట్లో ఉన్నాను. ఆ నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు కదా, మా అవ్వ కూడా ఇంట్లో అదే పెట్టమంటుంది. పాత లాప్‌టాప్‌కి రెండు పవర్డ్ స్పీకర్లు తగిలించి పెట్టాను. రెండు నిమిషాలు విని అవ్వ అడిగింది: "ఏం నాయనా, ఆ పాట వెనక తుమ్మెద మాదిరి ఏదో మోగతా ఉండాదే?" వీధంతా మరమగ్గాల చప్పుడు. అందులోనూ ఆమెకి అది వినిపించింది. నాకేమో అప్పటిదాకా తెలియలేదు, సిగ్గేసింది.

వెంటనే కొత్త సౌండ్ కార్డ్ కొనకండి. ముందు చార్జర్ పీకి చూడండి. గుయ్ ఆగిపోయిందంటే తప్పు సౌండ్ కార్డ్‌ది కాకపోవచ్చు. లాప్‌టాప్ చార్జర్, స్పీకర్ల అడాప్టర్ రెండూ కరెంటు ఎర్త్‌కి కలిసి, మధ్యలో ఆడియో కేబుల్ కూడా కలిసేసరికి ఒక చుట్టు ఏర్పడుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోతే స్పీకర్లో వినిపిస్తుంది. యూఎస్‌బీ సౌండ్ కార్డ్ పెట్టినా దాని గ్రౌండ్ లాప్‌టాప్ గ్రౌండే కాబట్టి గుయ్ అలాగే ఉండొచ్చు. దీనికి కేబుల్ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ చాలు. చౌకదైతే బేస్ కాస్త పలచబడుతుంది, శ్లోకాలకి పరవాలేదు. మా ఇంట్లో సమస్య ఇదే. కొందరు ప్లగ్‌లో మూడో పిన్ను విరిచేస్తారు, గుయ్ పోతుంది కూడా. దయచేసి ఆ పని చేయకండి, అది ప్రాణానికి ఉన్న రక్షణ.

చార్జర్ పీకినా సన్నగా 'కిర్ కిర్' వస్తూ, మౌస్ కదిపితే ఆ శబ్దం మారుతుంటే అది లాప్‌టాప్ లోపలి గోల. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కనే ఉన్న ఆడియో చిప్‌కి ఆ గోల అంటుతుంది. ఇక్కడే బయటి సౌండ్ కార్డ్ పనికొస్తుంది. అంకెలుగా వచ్చిన పాటని ఆ గోలకి దూరంగా, బయట శబ్దంగా మారుస్తుంది కాబట్టి.

డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్, 7.1 అని రాసి ఉంటుంది. సీడీ క్వాలిటీయే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. మనం యూట్యూబ్‌లో వినేది కుదించిన ఆడియో, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్. రెండు స్పీకర్లకి 7.1 ఎందుకు? ఆ అంకెలకి డబ్బులు పెట్టొద్దు.

వినడానికి మాత్రమే అయితే, లాప్‌టాప్‌కి టైప్-సీ ఉంటే ఆపిల్ టైప్-సీ హెడ్‌ఫోన్ డాంగిల్ సరిపోతుంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, శబ్దం మాత్రం శుభ్రంగా ఉంటుంది. విండోస్‌లో డ్రైవర్ కూడా అక్కర్లేదు. పాత యూఎస్‌బీ పోర్ట్ మాత్రమే ఉంటే క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ ప్లే 3 చూడండి.

కానీ మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే ఆగండి. అసలు నేను ఈ పోస్ట్ రాసింది దీనికోసమే.

మా తాత భజన గుంపులో పాడేవాడు. ఆయన గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్‌లో. దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాలని పేరూ ఊరూ లేని ఒక చౌక డాంగిల్ కొన్నాను. దానికుండేది మైక్ ఇన్‌పుట్, అదీ మోనో. టేప్ ప్లేయర్ నుంచి వచ్చేది అంతకంటే చాలా గట్టి సిగ్నల్. గొంతు పగిలిపోయి, ఒక చానెల్ మాత్రమే వచ్చింది. సెట్టింగ్స్ మార్చి మళ్లీ, మళ్లీ ప్లే చేశాను. మూడోసారి ప్లేయర్ టేపుని నమిలేసింది. ఒక మంగళహారతి మధ్యలో కొంత పోయింది. అవ్వ ఏమీ అనలేదు, క్యాసెట్ తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టేసింది.

అలాంటి పనికి కావాల్సింది స్టీరియో లైన్ ఇన్‌పుట్. తక్కువ ధరలో బెహ్రింగర్ యూసీఏ222 దొరుకుతుంది. ఎర్రటి చిన్న డబ్బా, రెండు ఆర్‌సీఏ ఇన్, రెండు ఆర్‌సీఏ అవుట్, హెడ్‌ఫోన్ జాక్. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకానే, క్యాసెట్‌కి అది ఎక్కువే. స్పీకర్లకి, రికార్డింగ్‌కి రెండింటికీ అదే. గ్రామఫోన్ రికార్డులుంటే దాని అన్న యూఎఫ్‌వో202 తీసుకోండి, అందులో ఫోనో ప్రీఆంప్ ఉంటుంది. మైక్ పెట్టి మీరే పాడాలంటే మాత్రం ఇవి పనికిరావు, ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ వేరే కథ, వేరే బడ్జెట్.

కొనేముందు చూసే వీలుంటే చూడండి. మా వైపు వాళ్లు ఏకాంబరకుప్పంలో రైలెక్కి చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కి పోతారు. "లైన్ ఇన్ ఉందా, స్టీరియోనా?" అని అడగండి. సమాధానంగా 7.1 గురించి చెప్పడం మొదలుపెడితే పక్క షాపుకి నడవండి.

రికార్డింగ్‌కి ఆడాసిటీ ఉచితం. యూసీఏ222లో ఇన్‌పుట్ తగ్గించే నాబ్ లేదు, కాబట్టి వాక్‌మన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీస్తుంటే దాని వాల్యూమ్ సగంలో పెట్టి, ముందు అక్కర్లేని సినిమా క్యాసెట్ ఒకటి పెట్టి లెవెల్స్ సరిచూసుకోండి. మీటర్ మైనస్ 6 దాటకుండా ఉంటే చాలు. ప్లేయర్ హెడ్‌ని, రబ్బరు రోలర్‌ని శుభ్రం చేశాకే అసలు క్యాసెట్ పెట్టండి. వేవ్ ఫైల్‌గా నిమిషానికి సుమారు 10 ఎంబీ, 30 నిమిషాల సైడ్‌కి 300 ఎంబీ పైనే అవుతుంది.

తాత క్యాసెట్ రెండో వైపు ఇంకా ఉంది. వచ్చే శనివారం అవ్వని అడిగి, గూట్లోంచి తీస్తాను.