శనగ: గంజ్ సరుకు వేరు, విత్తనం వేరు

నిజామాబాద్: 2015 డిసెంబరులో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ప్రాంతపు నల్లరేగళ్లలో ఇప్పుడు వానాకాలం సోయా, యాసంగిలో శనగ వేస్తున్నారు. విత్తే రోజుల్లో మిషన్ పట్టిన శనగ బస్తాను రైతుకు అరువు మీద విత్తనంగా ఇవ్వడం కొందరు వ్యాపారులకు పరిపాటి. పప్పుకు పనికివచ్చే గింజ అంతా విత్తనానికి పనికిరాదు.

ఎండు తెగులు కలిగించే ఫ్యుజేరియం శిలీంధ్రం గింజ ముచ్చిక వద్ద దాగి ఉంటుంది. కంటికి ఆనదు, జల్లెడకు చిక్కదు. ఇది విత్తనం వెంట వస్తుందని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1978లోనే వెల్లడించారు. ఒకసారి చేనిలో పడితే శనగ వేయకపోయినా ఆరేళ్ల వరకు నేలలో బతకగలదు. అరువు వసూలు మాట అటుంచి, ఆ చేను సరుకే గంజ్‌కు రాదు. వచ్చినా తేలిక గింజ, మెరుపు ఉండదు.

ధ్రువీకరణ విత్తనానికి నీలి ట్యాగు ఉంటుంది. శనగకు మొలక 85 శాతానికి, శుద్ధత 98 శాతానికి తగ్గరాదు. తేమ 9 శాతం మించరాదు. పరీక్ష తేదీ నుంచి గడువు 9 నెలలు. నీలి ట్యాగు ఉన్నదని తెగులు బొత్తిగా లేదనుకోరాదు. కిలోకు 3 గ్రాముల థైరం పట్టించవలసిందే. ఎండు తెగులును తట్టుకొనే జె.జి.11 వంటి రకమైతే మరీ మేలు.

1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనం అమ్మకానికి వేరే లైసెన్సు కావాలి. మందు పట్టించిన బస్తాలు మిగిలితే, ధర ఎంత పలికినా, పప్పు మిల్లుకు తోలరాదు.