శుక్లం చుక్కల మందుతో కరుగుతుందా?

“కళ్ళు మసకేస్తున్నాయి, ఈ కరెంటు బిల్లు కాస్త చదివిపెట్టు” అని తాతగారో, అమ్మమ్మగారో మిమ్మల్ని అడిగే ఉంటారు. డాక్టరుగారు చూసి ‘శుక్లం’ అంటారు. కంటిమీద పొర కమ్మిందని ఊళ్ళో చెప్పుకుంటారు గాని, శుక్లం పైన పెరిగే పొర కాదు. కంటిపాప వెనుక ఉన్న కటకమే మసకబారడం.

ఎందుకిలా అవుతుంది? కోడిగుడ్డు పగలగొట్టి చూడండి. పచ్చి తెల్లసొన గుండా అవతలి వస్తువు కనబడుతుంది. ఉడికిస్తే అందులోని ప్రోటీన్లు పెనవేసుకొని తెల్లని ముద్దవుతాయి. మన కటకం నిండా క్రిస్టలిన్లు అనే ప్రోటీన్లు ఉన్నాయి. కటకం నడిమిభాగంలోనివి మనం పుట్టకముందు తయారైనవే. వాటి స్థానంలో కొత్తవి రావు. వయసుతోపాటు ఇవి ఆక్సీకరణం చెంది, ముద్దకట్టి, కాంతిని చెదరగొడతాయి. ఎండ, పొగతాగడం, మధుమేహం దీన్ని త్వరపెడతాయి.

ఆక్సీకరణాన్ని అడ్డుకొనే గ్లూటథయోన్, విటమిన్ ‘సి’ కటకంలో సహజంగానే ఉన్నాయి. వీటిని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. వయసు మీరేకొద్దీ గ్లూటథయోన్ తగ్గిపోతుంది. “అయితే బయటినుంచి అందిస్తే సరి!” అని మీకు తోచిందా? శాస్త్రజ్ఞులకూ అదే తోచింది.

కాని ఊహ బాగుంటే చాలదు, పరీక్షకు నిలవాలి. మదురై దగ్గరి గ్రామాల్లో 798 మందిని చీట్లు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు విటమిన్ ‘సి’, విటమిన్ ‘ఇ’, బీటా కెరోటిన్. రెండో జట్టుకు మందులేని మాత్రలు. అలా 5 ఏళ్ళు ఇచ్చారు. 2006లో ఫలితం వెలువడింది. శుక్లం ముదరడంలో రెండు జట్లకూ తేడా లేదు!

మరి చుక్కల మందు? కంట్లో వేసిన మందులో చాలా భాగం కన్నీటితో కొట్టుకుపోతుంది. లోపలికి చేరేది బహు స్వల్పం. ఎన్-ఎసిటైల్ కార్నోసిన్ చుక్కలు శుక్లాన్ని కరిగిస్తాయని ప్రచారం జరిగింది. కాక్రేన్ సంస్థ వారు 2017లో పరిశోధనలన్నీ వెదికి, నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు.

చుక్కలను నమ్ముకొని ఏళ్ళు గడిపితే శుక్లం బాగా ముదిరి, కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు తిరిగి రాకుండా పోవచ్చు. ఆపరేషన్‌లో మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమరుస్తారు. ఈ పని మొదట 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ చేశాడు.

ఈసారి తాతగారు బిల్లు చదవమంటే చదివిపెట్టండి. తరువాత ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకొని వెళ్ళండి.

ఆలోచించండి: రెండో జట్టుకు మందులేని మాత్రలు ఎందుకు ఇచ్చారు?